అవ్వ "బయటికి పోవాల" అంటే

మా ఇంటి పాత సంగతులు రాసి పెట్టుకోవడం మొదలైనప్పటి నుంచి పెండ్లిండ్లు, పండగలు, తాత గని కథలు, కుప్పం పక్క ఊరి నుంచి మావాళ్ళు ఈడికెట్ల వచ్చినారనేది, అన్నీ రాసినాము. ఈసారి రాసేది పటం కట్టి గోడకు తగిలించుకునే సంగతేం కాదు. ముసలితనంలో ఒంటేలు ఆగకపోవడం గురించి. పోయిన ఏడాదిలో హోసూరు నుంచి ఒకరు, బెంగుళూరు నుంచి ఇద్దరు, అమెరికా నుంచి ఒకరు, అందరూ మా బంధువులే, ఫోన్ చేసి గొంతు తగ్గించి ఇదే అడిగినారు: "మీ అవ్వకు ఏం చేసినారు?" నలుగురికీ విడివిడిగా గుసగుసగా చెప్పేకంటే ఒకసారి గట్టిగా రాసేద్దామని మేమందరం అనుకున్నాము. అవ్వ ఉంటే ఒప్పుకునేది కాదేమో అని అమ్మ అన్నది. చిన్నాయన మాత్రం "రాయండి, నా సంగతి కూడా రాయండి" అన్నాడు. కాబట్టి రాస్తున్నాము.

ముందు మా ఊరి గురించి కొంచెం చెప్పాల. రాబర్ట్‌సన్‌పేట అంటే కోలారు బంగారు గనుల బజారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులు పట్టుకున్న తర్వాత ఉత్తర ఆర్కాటు నుంచి అరవం వాళ్ళు, చిత్తూరు పక్క నుంచి మనవాళ్ళు కూలికి వచ్చి లైన్లలో కాపురాలు పెట్టినారు. 1902లోనే శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. ఈ మాట మా ఊర్లో ప్రతి ఒక్కరూ గొప్పగా చెబుతారు. ఆ కరెంటు గని మిషన్లకు వచ్చింది గానీ, లైన్లలో కూలివాళ్ళ ఇంటికి మాత్రం కక్కూసు రాలేదు. ఈ మాట ఎవరూ గొప్పగా చెప్పరు.

1956లో గనులు మైసూరు సర్కారు చేతికి వచ్చిన ఏడాదే అవ్వ ఈ ఊరికి కోడలుగా వచ్చింది. అప్పటికి తాత ఇల్లు లైన్లో ఒక గది, ముందర ఒక వసారా. కక్కూసు వీధి చివర, అందరికీ కలిపి. ఆడవాళ్ళు తెల్లారకముందు ఒకసారి, పొద్దు గూకినాక ఒకసారి పోయేవాళ్ళు. నడుమ వస్తే? ఓర్చుకోవడమే. ఓర్చుకోలేకపోతే నీళ్ళు తాగడం మానేయడం. అవ్వ యాభై ఏండ్లు దాటేదాకా పగలు గ్లాసుడు నీళ్ళు తాగినట్టు మా నాయనకు గుర్తులేదు.

ఆ కక్కూసులను చేతులతో ఎత్తిపోసింది కూడా మనుషులే, అందులో చాలామంది మన తెలుగువాళ్ళే. బెజవాడ విల్సన్ 1966లో ఈ కేజీఎఫ్‌లోనే అట్లాంటి ఇంట్లో పుట్టినాడు. ఆ పని చేసిన తల్లిదండ్రుల కొడుకు, ఆ పనినే దేశంలో లేకుండా చేయాలని సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి 2016లో మెగసెసె అవార్డు తీసుకున్నాడు. మా ఊరి పేరు చెబితే సినిమా గుర్తు వచ్చేవాళ్ళకు ఈ పేరు కూడా గుర్తుంటే బాగుండు. అవ్వ చెప్పేది: వాన పడిన రోజు కక్కూసుకు పోవాలంటే భయం, దాన్ని ఎత్తేదానికి వచ్చే ఆమె ముఖం చూడాలంటే సిగ్గు. ఈ రెండూ కలిసి ఆడదాని ఉచ్చసంచికి నేర్పించిన పాఠం ఒకటే, అడగొద్దు అని.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, డెబ్బై దాటినాక అవ్వకు ఒంటేలు ఆగడం లేదని ఇంట్లో తెలిసేదానికి మూడేండ్లు పట్టింది. ఆమె చెప్పలేదు. పెండ్లిండ్లకు రానంటాది, మోకాలు నొప్పి అంటాది. కమ్మసంద్ర కోటిలింగాల గుడికి బస్సులో పోదామంటే "మీరు పోయిరాండి, నేను ఇల్లు చూసుకుంటా" అంటాది. మధ్యాహ్నం నుంచే నీళ్ళు బంద్. చీరలు తనే ఉతుక్కుంటాది, ఎవరినీ ముట్టనీయదు. మీ ఇంట్లో ఒక పెద్దామె ఉన్నట్టుండి గుడికీ పెండ్లికీ రానంటే, మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకుపోయే ముందు ఈ సంగతి కూడా మెల్లిగా అడగండి. ఆడబిడ్డ అడిగితే చెబుతారు, కొడుకు అడిగితే చచ్చినా చెప్పరు.

2022లో అవ్వకు ఎనభై నాలుగు. చలికాలం రాత్రి, మా ఊరి చలి మీకు తెలుసు కదా, మూడు గంటలప్పుడు ఒంటేలికి లేచి, లైటు వేస్తే మేము లేస్తామని చీకట్లోనే నడిచి, గడప దగ్గర పడింది. తుంటి ఎముక విరిగింది. ముసలివాళ్ళు రాత్రి పడడంలో ఇదొక పెద్ద కారణమని ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పినాడు. అర్జెంటు, చీకటి, తడి నేల.

ఆపరేషన్ తర్వాత ఇంట్లో చూసుకునేదానికి కుదరలేదు. అమ్మకు బీపీ, నాయన పోయి అప్పటికి ఏడాది కాలేదు, మిగిలినవాళ్ళం బెంగుళూరుకు రోజూ రైల్లో పోయివచ్చే బతుకులు. బెంగుళూరు బయట ఒక నర్సింగ్ హోంలో చేర్చినాము. పేరు వద్దు. చేర్చిన రోజే డైపరు వేసినారు. అంతకుముందు ఆమె నడుస్తాండిందా, అడిగితే చెప్పగలదా, ఎన్ని గంటలు ఆపుకోగలదు, ఏమీ అడగలేదు. సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు ఇవ్వరు. పది రోజులకు ఫైల్లో ఏం రాసినారంటే, పేషెంటు గలాటా చేస్తాది, పదే పదే మంచం దిగి బయటికి పోవాలని చూస్తాది, రాత్రి నిద్రకు మందు వేయాలి.

మా అక్క ఆ ఫైలు చదివి, ఆయా పిల్లను అడిగింది: బయటికి పోతానని అవ్వ ఎట్ల చెబుతాది అని. ఆ పిల్ల ఒడిశా నుంచి వచ్చింది. కన్నడం కొంచెం, హిందీ కొంచెం. అవ్వ నోటి నుంచి విని విని నేర్చుకున్న మాట అచ్చంగా అట్లే చెప్పింది: "బయటికి పోవాల." ఎవరో పెద్ద నర్సు దానికి అర్థం చెప్పిందంట, గేటు దాటి పోవాలంటున్నదని. అందుకే గబగబా వచ్చి భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు. అవ్వ రెండోసారి గట్టిగా చెప్పేది, మూడోసారి అరిచేది, నాలుగోసారికి మంచం తడిసేది. ఇది తెలుగు ఇండ్లలో చదివేవాళ్ళకు మేము విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మా పక్క పెద్దవాళ్ళు ఎవరూ ఉచ్చ అనరు, మూత్రం అని అసలే అనరు. ఒంటికి పోవాల, బయటికి పోవాల, దొడ్డికి పోవాల, అంతే. మర్యాదగా అడిగిన మనిషికి నిద్రమందు రాసి పెట్టినారు.

ఆ రోజు రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసినాము. అది అమెరికాలో, న్యూజెర్సీలో ముసలివాళ్ళ నర్సింగ్ హోంలోనే నర్సు. ఇంట్లో అంతమంది ఇంజినీర్లుండగా ఈ పని చేస్తాదే అని ఒకప్పుడు బంధువులు ముక్కు విరిచినవాళ్ళే, ఇప్పుడు దాని నంబరు అడుగుతాండారు. అది చెప్పింది: అక్కడ 1987లో నర్సింగ్ హోంల మీద ఒక చట్టం తెచ్చినారు, దాని కింద వచ్చిన రూల్సు ప్రకారం ఒంటేలు ఆగని మనిషి చేరితే ఎందుకు ఆగడం లేదని పరీక్ష చేయాల, వీలైనంత మామూలు స్థితికి తెచ్చేదానికి ప్రయత్నం చేయాల, ఊరికే డైపరు వేసి వదిలేయకూడదు. అది అన్ని చోట్లా సరిగ్గా జరుగుతాదని కాదు, అక్కడా మనుషులు చాలరు. కానీ అడిగేదానికి ఒక కాగితం ఉంది. మనకు 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో కొడుకులు తిండీ బట్టా చూడకపోతే ఏం చేయాలో ఉంది గానీ, డైపరు ఎన్ని గంటలకు మార్చాలో లేదు.

చెల్లెలు చెప్పిన పద్ధతి చాలా మామూలుది. 1980లలో జాన్ ష్నెల్లె అనే ఆయన అక్కడి నర్సింగ్ హోంలలో చేసి చూపించినాడంట. పగలు రెండు గంటలకు ఒకసారి మనిషి దగ్గరికి పోవాల. తడిగా ఉన్నావా, పొడిగా ఉన్నావా అని అడగాల. పోతావా అని అడగాల. పోతానంటే సాయం చేయాల, పొడిగా ఉంటే మంచిమాట చెప్పాల, మళ్ళీ ఎప్పుడు వస్తామో చెప్పి పోవాల. అంతే. మందు లేదు, మిషన్ లేదు. మతిమరుపు ఉన్నవాళ్ళల్లో కూడా కొంతమందికి పనిచేస్తాది. పనిచేస్తాదా లేదా అనేది మూడు నాలుగు రోజుల్లోనే తెలిసిపోతాది, తెలియకపోతే ఊరికే సతాయించొద్దు అని కూడా చెప్పింది.

ముందు మూడు రోజులు లెక్క రాయాల. మేము వంతులు వేసుకుని సెలవులు పెట్టి హోంలో కూర్చుని రాసినాము. ఎన్ని గంటలకు ఏం తాగింది, ఎంత, ఎప్పుడు పోయింది, ఎప్పుడు తడిసింది, దానికి ముందు ఏం చేస్తాండింది. నోటు పుస్తకంలో గీతలు కొట్టి, తాత గనిలో మస్టరు రాసినట్టు. ఆ మూడు రోజుల పుస్తకాన్ని ముసలివాళ్ళ డాక్టరుకు చూపిస్తే ఆయన స్కానింగ్ కంటే ముందు దాన్నే పావుగంట చదివినాడు.

అందులో బయటపడినవి ఇవి. బీపీకి ఇచ్చే మాత్రల్లో ఒకటి నీరు లాగేది, దాన్ని రాత్రి భోజనం తర్వాత ఇస్తాండారు. రాత్రి తొమ్మిదికి మాత్ర వేస్తే పదకొండుకు మంచం తడవక ఏమవుతాది? డాక్టరు దాన్ని పొద్దునకు మార్చినాడు. దయచేసి ఇట్లాంటివి మీరుగా మార్చొద్దు, అడిగి మార్చండి. రెండోది, ఐదు రోజులుగా విరేచనం లేదు. పేగు గట్టిపడి నిండితే పక్కనున్న ఉచ్చసంచిని నొక్కుతాది, ఇది మాలో ఎవరికీ తట్టని లంకె. మూడోది, సాయంత్రం నీళ్ళు ఆపినందుకు ఒంటేలు చిక్కబడి, మంట పుట్టి, ఇంకా అర్జెంటు అవుతాది. నీళ్ళు పగలంతా బాగా ఇచ్చి, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గించమన్నాడు. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దన్నాడు, దీనికి మాత్రం అవ్వ ఒప్పుకోలేదు, సగం గ్లాసుకు రాజీ. ఇన్ఫెక్షన్ కూడా ఉంది, దానికి మందు ఇచ్చినాడు. కాళ్ళలో నీరు ఉంది కాబట్టి మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు ఎత్తి పెట్టమన్నాడు. లేకపోతే ఆ నీరంతా రాత్రి పడుకున్నాకనే దిగి ఒంటేలు అవుతాదంట.

నాలుగోది డాక్టరు కనిపెట్టలేదు, అమ్మ కనిపెట్టింది. లంగా బొందు. అవ్వ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర పోయినాయి. కమోడు దాకా టైముకే చేరుకుంటాది, అక్కడ నిలబడి ముడి విప్పలేక విప్పలేక, ముడి విడేలోపల అయిపోతాది. ఇంక దాన్ని జబ్బు అనాలా, ముడి అనాలా? అమ్మ ఆ రాత్రే నాలుగు లంగాలకు బొందు తీసేసి ఎలాస్టిక్ వేసింది. చీర మీద నైటీ అవ్వకు ఇష్టం లేదు, కాబట్టి ముందు తెరుచుకునేట్టు చీరనే రెండు ముక్కలుగా కుట్టింది. ఇన్ని పరీక్షల్లో మాకు అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ పనిచేసింది ఆ మూడు గజాల ఎలాస్టిక్.

తర్వాత మాటల పట్టీ. ఒక అట్ట మీద అవ్వ వాడే మాటలు కన్నడ లిపిలో, హిందీలో, ఇంగ్లీషులో రాసి మంచం తలాపున అంటించినాము. ఒంటికి పోవాల, బయటికి పోవాల, ఆగడం లేదు, బొందు విప్పు, వాకిలి వేసేయి, చల్లగా ఉంది. పక్కన అర్థం. "వాకిలి వేసేయి" అన్నది కూడా ముఖ్యమే. ఎందుకంటే తలుపు తెరిచి పెట్టి కూర్చోబెడితే అవ్వకు రాదు, అరగంట కూర్చున్నా రాదు, తలుపు వేసిన నిమిషానికి వస్తాది. ఆ ఒడిశా పిల్ల రెండు రోజుల్లో అన్నీ నేర్చుకుంది. అవ్వ దాన్ని "చిన్నమ్మి" అని పిలవడం మొదలుపెట్టింది.

టైముల గురించి ఒక మాట. రెండు గంటలకు ఒకసారి అని గడియారం పట్టుకుని అడిగితే అవ్వ "ఇప్పుడే కదా" అని కసిరేది. అప్పుడు చిన్నాయన ఒక ఉపాయం చెప్పినాడు. గని ఉన్నన్ని రోజులు మా ఊరంతా షిఫ్టు కూతకే లేచేది, కూతకే వండేది, కూతకే పడుకునేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినాక కూడా అవ్వ ఆ లెక్కలోనే ఉంది. "అమ్మా, షిఫ్టు కూత అయింది, ఒకసారి పోయిరా" అంటే మారు మాట్లాడకుండా లేస్తాది. మూడు షిఫ్టులు, నడుమ భోజనం, పడుకునే ముందు ఒకసారి. మూడు వారాలకు రోజుకు ఏడెనిమిదిసార్లు తడిసేది రెండుసార్లకు వచ్చింది. రాత్రి డైపరు మాత్రం ఉంచినాము. పూర్తిగా నయమైందని మేము చెప్పడం లేదు. ఒకటి మాత్రం చెప్పగలం, నిద్రమందు ఆగిపోయింది.

నాలుగు నెలలకు ఇంటికి తీసుకొచ్చినాము. రాబర్ట్‌సన్‌పేటలో ఈ పని చేయాలంటే మొదటి సమస్య నీళ్ళు. పాలారు మీద బేతమంగలం చెరువు నుంచి ఈ ఊరికి నీళ్ళు తెచ్చిన కాలం నుంచి కొళాయి ఎప్పుడు వస్తాదని ఎదురుచూడడమే మా బతుకు. రోజుకు మూడు దుప్పట్లు ఉతకాలంటే ట్యాంకరు పిలవాల్సిందే. అందుకని పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత పంచెలు మడతపెట్టి నడుముల కింద మాత్రం. తడిస్తే పంచె ఒక్కటే మారుతాది. తాత పంచెలన్నీ అట్ల అయిపోయినాయి. కక్కూసుకు పోయే దారిలో గోడకు ఇనుప పట్టీలు, గడపకు ఏటవాలు చెక్క, రాత్రంతా వెలిగే చిన్న లైటు. మంచం పక్కన కమోడు కుర్చీ, వీధిలో వడ్రంగి చేసిచ్చినాడు. మంచం కాళ్ళు నాలుగంగుళాలు కోయించినాము, పాదాలు నేలకు ఆనేదానికి.

ఒళ్ళు జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. తడి చర్మం రెండు రోజుల్లో ఎర్రబడి, వారంలో పుండు పడుతాది. రుద్దకూడదు, మెత్తని గుడ్డతో అద్ది ఆరనిచ్చి, జింకు ఉన్న పూత గానీ వాజిలిన్ గానీ పలచగా రాయాల. పౌడరు వేస్తే తడికి ముద్ద కడతాది, వద్దు. డైపరు నిండేదాకా చూడొద్దు. డబ్బు మిగులుతాదని ఒకటే పగలంతా ఉంచితే ఆ మిగిలిన డబ్బు పుండుకు పోతాది. వాడినవి పేపర్లో చుట్టి వేరుగా ఇవ్వాల. మా మెడికల్ షాపాయన మాత్రం కొత్త ప్యాకెట్టే నల్ల కవరులో చుట్టి ఇస్తాడు, ఎవరూ చూడకుండా. మొదట్లో మేము కూడా ఊరుకున్నాము. ఇప్పుడు అమ్మ "కవరు వద్దు" అని చేతిలో పట్టుకుని బజారు నడుమ నడిచి వస్తాది.

హోంలో ఉన్నప్పుడు ట్యూబు వేసేస్తే ఎవరికీ బాధ ఉండదని ఒకరు అన్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. చూసుకునేవాళ్ళ సుఖానికి ట్యూబు వేస్తే ఇన్ఫెక్షన్ తప్పదు అన్నాడు. అయితే ట్యూబు ఎప్పుడూ తప్పని కాదు, దానికి చిన్నాయనే సాక్షి.

చిన్నాయన గని మూసినాక ఇరవై ఏండ్లు మారికుప్పం నుంచి బెంగుళూరు రైల్లో పోయి సెక్యూరిటీ పని చేసినాడు. పొద్దున రెండు గంటల పైన, రాత్రి రెండు గంటల పైన, నిలబడేదానికే చోటు లేని రైలు. ఆయనకు కొంచెం కొంచెంగా కారేది. అవ్వ మాదిరే ఇదీ ముసలితనం అనుకుని ఆయన కూడా నీళ్ళు తగ్గించుకున్నాడు. నిజానికి అది పూర్తిగా వేరే జబ్బు. ప్రోస్టేటు గ్రంథి ఉబ్బి దారి మూసుకుంటే సంచి ఖాళీ కాదు, నిండి పొర్లుతాది. ఒక రాత్రి పూర్తిగా బిగిసిపోయి కడుపు రాయి మాదిరి అయితే ఆస్పత్రిలో ట్యూబు వేసినాక లీటరు పైన వచ్చింది. ఇంకా ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతినేవి అన్నారు. కాబట్టి మగవాళ్ళు సన్నగా కారుతాంది, ధార లేదు, రాత్రి నాలుగుసార్లు లేస్తాండానంటే డైపరు కొనే ముందు డాక్టరు దగ్గరికి పోవాల. మందులతో, తర్వాత ఆపరేషన్‌తో చిన్నాయనకు బాగైంది. ఇప్పుడు అందరికీ తనే చెబుతాడు, టీ అంగట్లో కూడా. అంత వివరంగా వద్దు చిన్నాయనా అన్నా వినడు.

అమ్మా, పెద్దమ్మా వయసు వాళ్ళది ఇంకో రకం. దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా చుక్క పడుతాది. కాన్పుల తర్వాత అడుగు కండరాలు వదులై వచ్చేది. దానికి 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఒక కసరత్తు రాసినాడు. ఒంటేలు నడుమలో ఆపినట్టు లోపలి కండరాన్ని బిగించి, కొన్ని సెకన్లు పట్టి వదలడం. రోజుకు మూడు పూటలు, నెలల తరబడి చేయాల. పైకి ఏమీ కనపడదు కాబట్టి సీరియల్ చూస్తా చేయొచ్చు. అమ్మ అట్లనే చేస్తాది. మూడు నెలలకు తేడా తెలిసిందని చెప్పింది.

అవ్వ చివరి ఏడాదిలో మాటలు తగ్గినాయి. కూత అయిందంటే కూడా లేచేది కాదు. అప్పుడు అడగడం ఆపేసి డైపరే పెట్టినాము. చెల్లెలు అట్లనే చేయమంది. కానీ అడగకపోయినా చెప్పి చేసేవాళ్ళం, "అవ్వా, మారుస్తాండాము, వాకిలి వేసేసినాము" అని. ఆ మాటకు చేతిని వదులు చేసేది. అంతకుముందు పిడికిలి బిగించి చీర పట్టుకుని ఉండేది. ఈ పని చేసింది ఎక్కువగా అమ్మే. కొడుకులు మనవళ్ళు లెక్క రాసినారు, డాక్టరుతో మాట్లాడినారు, కుర్చీ చేయించినారు. రాత్రి రెండు గంటలకు పంచె మార్చింది కోడలు. బంధువులు మమ్మల్ని మెచ్చుకుంటే అమ్మ నవ్వుతాది, ఆ నవ్వులో ఏముందో మాకు తెలుసు. అందుకే చివరి ఎనిమిది నెలలు మగవాళ్ళం కూడా రాత్రి వంతు వేసుకున్నాము. అవ్వకు మొదట్లో నచ్చలేదు. తర్వాత మా తమ్ముడి చేయే మెత్తన అనేది, చిన్నమ్మి చేతి తర్వాత.

మాటల పట్టీ ఇప్పుడు పెద్దదైంది. హోసూరు వాళ్ళు "ఒకటికి" అంటారంట, చెన్నై పెద్దమ్మ "పెరటికి పోవాల" అంటాది, గుంటూరు నుంచి వచ్చిన మా వదిన వాళ్ళ అమ్మ "దొడ్లోకి" అంటాది. మీ ఇంటి పెద్దవాళ్ళ మాట ఏదో మాకు రాయండి, అక్కడి భాషలో దాని అర్థంతో సహా కలిపి పెడతాము. కావాల్సినవాళ్ళు అచ్చు వేసుకుని మంచం తలాపున అంటించుకోవచ్చు.

కమోడు కుర్చీ మా ఇంట్లో లేదు. అవ్వ పోయిన నెలకే వెనక వీధి అరవం వాళ్ళు అడిగి తీసుకుపోయినారు. వాళ్ళ నుంచి ఆండర్సన్‌పేటకు పోయింది. ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉందో చిన్నాయనను అడగాల, ఆయన దగ్గర లెక్క ఉంటాది.